ఏ వేళకు ఏ గోడ

తెల్లవారుజామున ఐదు గంటలు. వంటింట్లో ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. పెద్దమ్మ పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, గట్టు మీద గోడకు ఆనించిన అట్టముక్క వైపు కళ్ళు చిట్లించి చూస్తోంది. నిన్న మేస్త్రీ ఆ అట్టకు రెండు కోట్లు గంధం రంగు వేసి ఆరబెట్టాడు. మధ్యాహ్నం మండువాలో ఎండకు పెట్టి చూసినప్పుడు ఇంటిల్లిపాదీ బాగుందన్న రంగే అది.

“ఇదేంటే, నిన్న చూసిందేనా? జొరం పడి లేచిన మొహంలా ఉంది” అంటోంది.

అట్ట అదే, రంగూ అదే. మారింది వెలుగు. ఈ ట్యూబులైటు వెలుగులో నీలం పాలు ఎక్కువ. దాని పెట్టె మీద 6500 కెల్విన్లు అని అచ్చేసి ఉంది. పసుపు కలిసిన లేత రంగు ఏదైనా దీని కింద పాలిపోతుంది, కాస్త ఆకుపచ్చ ఛాయ కూడా కొడుతుంది. అన్నయ్య స్టూలెక్కి, నిన్న అమలాపురంలో కొన్న 2700 కెల్విన్ల బల్బు హోల్డర్లో బిగించి, ట్యూబులైటు ఆపేశాడు. ముందు ఇత్తడి గిన్నెల అంచులు మెరిశాయి. ఆ తర్వాత గోడ, గట్టు, అట్టముక్క. గంధం రంగు మళ్ళీ గంధంలా కనబడుతోంది.

ఇంత పొద్దున్నే ఈ తతంగం దేనికంటే, ఈ వంటింటికి ఒక్కటే కిటికీ, దానికి అడ్డంగా పనస చెట్టు. పెద్దమ్మ ఇక్కడ మసిలేది ఐదింటి నుంచి ఎనిమిదింటి దాకా, మళ్ళీ పొద్దుగూకాక. పదకొండింటికి కొట్టువాడు చేతిలో పెట్టిన కార్డు చూసి ఎంచితే ఆ రంగు ఇంకెవరి వంటింటికో సరిపోతుంది గాని ఈవిడ వంటింటికి కాదు.

“బల్బు బాగానే ఉంది. కానీ పసుపు నాకొద్దు.”

అన్నయ్య స్టూలు మీదే ఆగిపోయాడు. ఈ ఇంటికి పాతకాలపు పసుపే రావాలని హైదరాబాదు నుంచి అనుకుంటూ వచ్చినవాడు.

“కట్టెల పొయ్యి ఉన్నన్నాళ్ళూ ఈ గోడలు పసుపే. పొగకు పచ్చబడి, పచ్చబడినవి నల్లబడి, పండగొస్తే చాలు గెడకర్రకు చీపురు కట్టి దులపలేక నా భుజాలు పోయేవి. పసుపంటే నాకు ఆ పొగే గుర్తొస్తుంది. తమలపాకు రంగు వేయించండి, లేతగా.”

ఆకుపచ్చ అట్టలు రెండున్నాయి. రెండూ బల్బు కిందికి తెచ్చాం. నీలం మొగ్గున్నది బూడిద రంగులోకి దిగిపోయింది, పసుపు మొగ్గున్నది నిలబడింది. పెద్దమ్మ రెండోదాన్ని వేలితో తట్టి, పొంగుతున్న పాల వైపు తిరిగింది. వంటింటి సంగతి తేలిపోయింది.

ఇది కోనసీమ. అంబాజీపేటకు దగ్గర్లో, కొబ్బరి తోటల నడుమ ఒక మండువా లోగిలి. నాలుగు వైపులా వసారాలు, మధ్యలో ఆకాశానికి తెరుచుకున్న మండువా, పైన పెంకు, కింద ఎర్ర గచ్చు. ధనుర్మాసం సగానికి వచ్చింది. సంక్రాంతికి పిల్లలూ అల్లుళ్ళూ దిగేలోగా రంగులు అయిపోవాలి. ఆ రంగుల్లో ఎవరి పట్టుదల వారిదే. వదిన షేడ్ కార్డులో నాలుగు చోట్ల మడత పెట్టుకుంది. అన్నయ్యది ఒకటే మాట: “మన చిన్నప్పుడు ఈ వసారా ఎంత వెచ్చగా, పసుపచ్చగా ఉండేదో గుర్తుందా? అదే కావాలి.”

నాకూ గుర్తుంది. మేమిద్దరం బోర్లా పడుకుని ఎక్కాలు రాసుకున్న ఈ ఉత్తరపు వసారా నా మనసులో ఎప్పుడూ పసుపే.

ఏడు కొట్టేసరికి మేస్త్రీ వచ్చాడు, వెంట ఒక కుర్రాడు. అన్నయ్య తాను గుర్తు పెట్టిన పసుపులు చూపించబోతే మేస్త్రీ కార్డు అందుకోలేదు. “ముందు గోడనడుగుదామండి” అని ఇనప పట్టీ తీశాడు. చెయ్యెత్తు దగ్గర గోడను తడిగుడ్డతో తడిపి, పట్టీని పడుకోబెట్టి మెల్లగా తోశాడు.

దగ్గరికి రండి. పైన ఉన్నది లేత వంగపండు రంగు ప్లాస్టిక్ పెయింటు, అన్నయ్య పెళ్ళికి వేయించింది. అది గీకక్కర్లేకుండానే అరచేతి వెడల్పు పొరలుగా ఊడి వస్తోంది. వాటి వెనక తెల్లని ఉప్పు పొడి. దాని కింద పిస్తా రంగు డిస్టెంపరు, తడిగుడ్డకే అంటుకుని వచ్చేసింది. దాని కింద సున్నం. ఇక అక్కణ్ణుంచి అంతా సున్నమే. మేస్త్రీ పట్టీని నిలబెట్టి అంచు చెక్కాడు. చెక్కిన చోట మండువా వెలుగు అడ్డంగా పడుతుంటే పూత మీద పూత గీతలు గీతలుగా తేలుతున్నాయి. ఏడాదికొకటి చొప్పున వేసుకుంటూ వచ్చిన పూతలు. ఎన్నని లెక్కపెట్టబోతే కలిసిపోతున్నాయి గాని మొత్తం మందం బొటనవేలి గోరు వెడల్పుంటుంది. ఆ గీతలన్నీ తెలుపే, లోపల ఉండీ లేనట్టు ఒక నీలి జీర. చిట్టచివర ఇసుక రవ్వలు కనిపించే డంగు సున్నపు గార.

పసుపు ఎక్కడా లేదు.

అన్నయ్య నమ్మలేదు. స్తంభం పక్కన గీకించాడు. తలుపు మీద, మేం కూర్చున్న చోట, దేవుడి గది పక్కన. ఎక్కడ గీకినా వంగపండు, పిస్తా, తెలుపు, తెలుపు, తెలుపు.

పెద్దమ్మ కాఫీ గ్లాసులతో వచ్చింది. “పసుపెక్కడిదిరా? మీ తాతగారు సున్నం తప్ప ఇంకోటి పడనిచ్చేవారా? బట్టలకు పెట్టే నీలం మూటగట్టి డొక్కులో తిప్పేవాళ్ళం, తెలుపు ఇంకా తెల్లగా కనబడాలని.”

మరి మా ఇద్దరికీ గుర్తున్న పసుపు ఎక్కణ్ణుంచి వచ్చింది? జవాబు ఇంకో గంటకు మండువాలోకే దిగింది. ఎనిమిదిన్నరకు ఎండ ఏటవాలుగా పెంకుల అంచు దాటి పడమటి గోడ మీదికి, తొమ్మిదిన్నరకు గచ్చు మీదికి వచ్చింది. వదిన చేతిలో ఉన్న తెల్లకాగితం తీసుకుని గోడ అడుగున, నేలకు జానెడు ఎత్తున నిలబెట్టాను. కాగితం తెల్లగా లేదు. కింది సగం పండిన బొప్పాయి గుజ్జు ఛాయలో ఉంది, పైకి పోయినకొద్దీ పలచబడుతోంది. కాగితాన్ని ఇంకో మూరెడు లేపితే ఛాయ తగ్గింది, తల ఎత్తుకు తెస్తే దాదాపు పోయింది. ఆ రంగు కాగితానిది కాదు, గచ్చుది. ఏళ్ళ తరబడి కొబ్బరిపీచు పెట్టి రుద్దితే నిగ్గుదేలిన ఎర్ర నేల తన మీద పడ్డ ఎండను ఎర్ర చేసి గోడకు పంపుతోంది. నేల మీద పడుకుని రాసుకున్న పిల్లల కళ్ళ ఎత్తు కూడా సరిగ్గా అక్కడే.

రాత్రుళ్ళు మిగతా పని దీపాలు చేశాయి. దూలానికి వేలాడే పాత గుండు బల్బు వెలుగు కూడా 2700 కెల్విన్ల దగ్గరే ఉండేది. కరెంటు పోతే వెలిగించే నూనె దీపం అంతకన్నా ఎర్రన, 1900 ప్రాంతం. తెల్ల సున్నం ఏ వెలుగు పడితే ఆ వెలుగును పుచ్చుకుంటుంది. మేం పసుపనుకున్నది దీపమూ నేలా కలిసి తెల్లగోడ మీద వేసిన రంగు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలని ఉంది. పాత ఇళ్ళు బాగుచేసేవాళ్ళు ముందు ఎర్ర గచ్చు తవ్వించి తెల్లని మెరుపు టైల్సు పరుస్తారు, బల్బులు పీకి ట్యూబులైట్లు పెడతారు. ఆ తర్వాత ఇల్లు చల్లబడిపోయింది, వెచ్చని రంగు ఏదైనా చెప్పమని కొట్టుకు వెళతారు. నేలనూ దీపాన్నీ పోగొట్టుకున్న గదికి డబ్బాలో దొరికే ఏ మీగడ రంగూ ఆ వెచ్చదనం తెచ్చిపెట్టలేదు. రంగు ఎంచేముందు నేల వైపు చూడండి. గచ్చు ఉంటే దాన్ని కాపాడండి. సగం రంగు అక్కడే ఉంది.

మేస్త్రీ ఊడిన పొరను తిరగేసి చూపిస్తున్నాడు. వెనక వైపు చెమ్మ. కోనసీమలో గడ్డపారతో నాలుగు పోట్లు పొడిస్తే నీరు. ఆ తడి గోడ పట్టుకుని పైకి పాకుతుంది, వెంట ఉప్పు తెస్తుంది. సున్నపు పూత అయితే ఆ తడిని గాలికి వదిలేస్తుంది. పైన ప్లాస్టిక్ పొర ఉంటే దారిలేక దాని వెనకే నిలుస్తుంది, ఉప్పు అక్కడే గడ్డకట్టి పొరను ముందుకు నెట్టేస్తుంది. “మనం రంగేశామండి, గోడేమో ఊపిరాడక ఉమ్మేసిందండి” అన్నాడు. ఈ గోడలకు లప్పం గాని ఎమల్షన్ గాని పెట్టనని నిన్ననే తేల్చి చెప్పాడు. గార గోడకు సున్నం, సిమెంటు గోడకు పెయింటు. ఇంటి వెనక అన్నయ్యవాళ్ళ కోసం తర్వాత కట్టిన రెండు గదులు సిమెంటువి. వదిన కార్డు వాటికి.

పెరట్లో సున్నం నానవేయడం మొదలైంది. నూతి పక్కన సగం కోసిన ఇనప పీపా, అందులో నీళ్ళు. కుర్రాడు కాల్చిన గుల్ల సున్నం గడ్డలు చేటతో జారవిడిచి వెనక్కి గెంతాడు. ఒకటి రెండు నిమిషాలు ఏమీ లేదు. ఆ తర్వాత బుడగలు, ఆవిరి, కుతకుతమంటూ పీపా అంతా ఉడుకు. కింద పొయ్యి లేదు, నిప్పు లేదు. నీరు తగలగానే సున్నం తనలోంచి తానే వేడి కక్కుతుంది. చిందితే కన్ను పోతుంది, అందుకని పిల్లల్ని మేస్త్రీ అరుగు దాటి రానివ్వడం లేదు. కుర్రాడికి కళ్ళజోడు, తలకు తుండుగుడ్డ. ఇది రేపటికి చల్లారాక పాత చీర ముక్కలో వడగట్టి, తుమ్మబంక నీళ్ళూ గుప్పెడు ఉప్పూ కలిపితే పూతకు వస్తుంది.

నిన్న కలిపిన సున్నంతో మూడు చదరాలు వేసి చూద్దామన్నాడు. ఒక్కోటి రెండడుగులు. మొదటిది నీలం వేసిన తెలుపు, పెద్దమ్మ కాలం నాటిది. రెండోది నీలం లేని వట్టి సున్నం. మూడోదానిలో రెండు చెంచాల పసుపు మట్టి. తడి ఆరని సున్నం చూపుకు ఆనదు. వెనక గార అలాగే కనబడుతుంటుంది, నీళ్ళు చల్లినట్టు ఉంటుంది. మట్టి కలిపినదేమో ముదురు బెల్లం రంగులో దిగింది. అన్నయ్య బెంబేలెత్తిపోయాడు.

“ఇంత ముదురా మేస్త్రీ?”

“తడి మీద తీర్పు చెప్పకండి బాబుగారండి. పొద్దుగూకనివ్వండి.”

నిజమే. సున్నం ఆరుతున్నకొద్దీ తెలుపు తేలుతుంది. ఆరిన తర్వాత కూడా రోజుల తరబడి గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మళ్ళీ రాయిగా మారుతుంటుంది. ఇందులో కలిపే రంగు కూడా మట్టి జాతిదై ఉండాలి. సున్నపు ఘాటుకు చాలా రసాయన రంగులు వెలిసిపోతాయి, ఇనప మన్ను మాత్రం తట్టుకుంటుంది. పసుపు మట్టి గనులు మనకు నంద్యాల జిల్లా బేతంచెర్ల చుట్టుపక్కల ఉన్నాయి. ఆ పసుపు మట్టినే కాలిస్తే లోపలి తేమ పోయి ఎర్రబడుతుంది. అరుగుల అంచున వేసే జాజుకూ దీనికీ మూలం ఇనుమే. ఏ కంపెనీ కార్డులోనూ ఇంత సన్నిహితమైన జోడీ దొరకదు. ఒకే మన్ను రెండు రంగులుగా పక్కపక్కన ఉంటే గొడవ పడవు.

మిట్టమధ్యాహ్నం మండువాలో నిలబడి చూస్తే ఇంకో చిక్కు బోధపడుతుంది. ఈ పుష్యమాసపు సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు, ఎండంతా ఉత్తరపు వసారా గోడ మీద పడుతోంది. మే మొదటి వారంలోనూ ఆగస్టు మొదటి వారంలోనూ ఈ ఊళ్ళో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, అప్పుడు ఎండ తిన్నగా మండువా రాళ్ళ మీదికే. దక్షిణపు వసారా గోడకు మాత్రం ఇలాంటి ఎండ దాదాపు దక్కదు. ఒకే బొక్కెన సున్నం రెండు గోడలకూ వేస్తే ఒకటి వెలుగుతుంది, ఒకటి దిగులుగా ఉంటుంది. అందుకని ఉత్తరానికి వట్టి సున్నం, దక్షిణానికి పసుపు మట్టి తగిలించిన సున్నం అనుకున్నాం. రెండు వేరు రంగులు వేస్తే గాని రెండు గోడలూ ఒక్కలా కనబడవు.

భోజనాలయ్యాక వదిన వంతు. కార్డు మీద బొటనవేలంత ముక్కలు, చుట్టూ తెల్లని అంచు. ఆ అంచు పక్కన ఏ రంగైనా ఉన్నదానికన్నా ముదురుగా, తేటగా అనిపిస్తుంది. అదే రంగు గది నాలుగు గోడలకూ ఎక్కితే గోడ మీంచి గోడ మీదికి వెలుగు తిరిగి మరింత చిక్కబడుతుంది. కార్డులో లేత మామిడిపండులా ముచ్చటగా ఉన్నది గదిలో కళ్ళలో పొడుస్తుంది. వదిన మెచ్చిన ముక్క నుంచి రెండు మెట్లు పైకి, కాస్త మట్టి పాలున్న దానికి వెళ్ళాం. ఇంకో ఆధారం కూడా ఉంది. రంగు తన మీద పడ్డ వెలుగులో ఎంత తిప్పి పంపుతుందో చెప్పే అంకె ఒకటి కంపెనీలు ఇస్తాయి, ఎల్‌ఆర్‌వీ అంటారు. సున్నా అయితే కటిక నలుపు, 100 అయితే అచ్చ తెలుపు. కొబ్బరి చెట్ల నీడలో ఉన్న ఈ గదికి 60కి పైబడినవే చూశాం.

వదిన చేసిన పని నాకు బాగా నచ్చింది. అట్టను నిలువునా మడిచి, రెండు సగాలకూ రంగు వేయించి, గది మూలలో గోడలకు ఆనేలా నిలబెట్టింది. రెండు పలకలు ఒకదాని రంగు ఒకదాని మీద వేసుకుంటుంటే మూల ఎలా కనిపిస్తుందో అక్కడే తెలిసిపోయింది. మీగడలో చిటికెడు ఇటుక పొడి కలిసినట్టుండే రంగు చివరికి మిగిలింది. “మేం ఈ గదిలో ఉండేది రాత్రుళ్ళే కదా, దీపం పెట్టాక ఇంకోసారి చూసి చెబుతాను అత్తయ్యగారూ” అని ఆ నిర్ణయాన్ని వాయిదా వేసింది. అది మంచి పని.

నాలుగింటికి వీధి అరుగు. ఇల్లు పడమటి ముఖం. పొద్దు వాలుతూ కొబ్బరాకుల సందుల్లోంచి గోడను తాకుతోంది. బయటి గోడకు ఎప్పుడో వేసిన సిమెంటు పెయింటు నల్లగా నాచుపట్టి ఉంది. మేస్త్రీ దాన్ని గీకుతుంటే అన్నయ్య పక్కనే గొంతుక్కూర్చున్నాడు. పెచ్చు ఊడింది. కింద పసుపు.

“ఇదిగో!” అని అన్నయ్య అరిచిన అరుపుకు వీధిలో పోతున్నవాళ్ళు సైకిలాపారు.

బేతంచెర్లదో మరెక్కడిదో తెలియదు గాని మట్టి పసుపే, సున్నంలో కలిపింది. తడిగుడ్డ పెట్టి తుడిస్తే తేరుకుని నిగనిగలాడింది. అడుగున మోకాలెత్తున జాజు పట్టీ కూడా బయటపడింది. పట్టీ సోకు కోసం వేసింది కాదు. చూరు నీళ్ళు నేల మీద పడి బురద చిందేది సరిగ్గా ఆ ఎత్తు వరకే, ఆ చింది ఎర్ర పట్టీ మీద అంతగా కనబడదు. అన్నయ్యకు గుర్తున్న పసుపులో కొంత ఇదీ ఉండి ఉంటుంది. సాయంత్రం బడి నుంచి వస్తుంటే వీధి మొదటినుంచే కనిపించిన రంగు. నాలుగున్నర ఎండ దాన్ని నారింజ వైపు లాగుతోంది కాబట్టి, కలిపేటప్పుడు మట్టి ఒక పాలు తగ్గించమని మేస్త్రీతో చెప్పాం. ఈ గోడ మీద ఇంట్లో ఎవరికీ పేచీ లేదు.

తలుపుల దగ్గర మాత్రం నేను గట్టిగా పట్టుబట్టాల్సి వచ్చింది. వీధి తలుపులు టేకువి, వాటి మీద పూత మీద పూతగా ఆకుపచ్చ ఎనామిల్. కుర్రాడు గరుకు కాగితం తీశాడు. వద్దన్నాను. పాత ఎనామిళ్ళలో సీసం ఉండేది. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదని మన దేశంలో నిబంధన వచ్చిందే 2016లో, అమలైంది 2017 నవంబరు 1 నుంచి. ఈ తలుపుల రంగు అంతకు ఎంతో ముందుది. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఇంట్లో పారాడే పసివాడి చేతుల్లోకి, నోట్లోకి పోతుంది. తడిపి, పట్టీతో పెచ్చులుగా తీసి, కింద పరిచిన పట్టాలో మూటగట్టి పారేయాలి. మేస్త్రీకి పని పెరిగింది, విసుక్కోలేదు. కుర్రాణ్ణి ముక్కుకు గుడ్డ కట్టుకోమన్నాడు.

ఆ ఆకుపచ్చ కచ్చితంగా ఏదో తెలియడానికి ఆధారం అటక మీద దొరికింది. తుప్పుపట్టిన డబ్బా, పక్కన కారిన చార ఎండిపోయి ఉంది. డబ్బా మీద జుట్టు నుదుటి మీద పడ్డ పిల్లాడు, చేతిలో రంగు కారుతున్న కుంచె. 1954లో ఏషియన్ పెయింట్స్ కోసం ఆర్.కె. లక్ష్మణ్ గీసిన గట్టు. మా అన్నయ్య కొడుక్కి ఆ పిల్లాడెవరో తెలియదు, నాకూ అన్నయ్యకూ మాత్రం చుట్టమొచ్చినంత సంబరం. చార మీద అట్టముక్కలు ఆనించి సరిచూస్తే కార్డులో ఒక ముదురాకుపచ్చ సరిగ్గా అతికింది. వీధి తలుపుకు అదే. లోపలి తలుపులు మాత్రం గీకాక రంగెయ్యకుండా నూనె పట్టిద్దామన్నాం, ఆ కర్ర కనబడాలి.

కొట్టుగదికి వచ్చేసరికి పొద్దు కుంకింది. అన్నయ్య ఫోను వెలుగు గోడ మీదికి తిప్పాడు. బొగ్గుతో గీసిన గీతలు, ఐదేసి చొప్పున కట్టలు, పక్కన అంకెలు. కొబ్బరి దింపుల లెక్కలు. పెద్దనాన్న రాత. నాలుగు అంకె తల ఎప్పుడూ విప్పారి ఉండేది ఆయనకు, ఇక్కడా అలాగే ఉంది. ఒకచోట లెక్క కొట్టేసి మళ్ళీ వేశారు. ఇంకోచోట ఎవరిదో బాకీ, తీరిందని అడ్డగీత. వదిన అద్దం బిగించి పెడదామంది. అద్దం వెనక చెమ్మ నిలిస్తే బొగ్గు రాలిపోతుందని మేస్త్రీ వారించాడు. ఆ గోడ జోలికి పోవద్దని నిర్ణయమైంది. మిగతా మూడింటికీ సున్నం వేసేటప్పుడు చింది పడకుండా దూలం నుంచి పాత పంచె వేలాడదీస్తారు. వాడుకలో ఉన్న ఇంట్లో ఒక గోడ పాతగా మిగిలిపోతే మిగతా ఇంటి కొత్తదనానికి లోటేమీ రాదు. అన్ని గోడలూ ఒకేసారి మెరిసిపోవాలనే తొందరలోనే ఇలాంటివి సున్నం కింద పడి పోతుంటాయి.

ఎనిమిది గంటలకు పెద్దమ్మ గది. ఇక్కడ కొత్త బల్బు ముందే పెట్టేశాం. పొద్దున్న గోడకు వేసిన మూడు రకాల సున్నమే పూసిన అట్టలు ఆరి సిద్ధంగా ఉన్నాయి. వాటిని గోడకు పెట్టబోతుంటే ఆవిడ మంచం మీద వెల్లకిలా పడుకుంది.

“గోడకెందుకే? నేను పడుకుంటే నాకు కనబడేది పైకప్పు. పైన పట్టుకోండి.”

అన్నయ్య స్టూలెక్కి ఒక్కో అట్టా పలకల కప్పుకు ఆనించి పట్టుకుంటున్నాడు. పసుపు మట్టి కలిపింది ముందు. తల అడ్డంగా ఊపింది. వట్టి సున్నం. పర్లేదంది. నీలం కలిపిన తెలుపు. ఆవిడ ఏమీ అనకుండా చూస్తోంది, అన్నయ్య చెయ్యి లాగుతున్నా దించలేదు.

“ఇది వెయ్యండి. గోడలకూ ఇదే. నేను ఈ ఇంటికి వచ్చిన ఏడు సంక్రాంతికి ఇదే వేశారు. కొత్త సున్నం వాసన, ఈ తెలుపు. మంచం కోళ్ళ నీడ కూడా నీలంగా పడేది.”

ఏ కార్డూ నీలి తెలుపును వెచ్చని రంగుల వరుసలో పెట్టదు. మేం పొద్దున్నించీ తప్పించుకుందామని చూస్తున్నదీ ఈ నీలాన్నే. కానీ బల్బు కింద అది అట్ట మీద చల్లగా లేదు, గచ్చు మీంచి లేచిన ఎరుపు దాని అంచుల్ని పట్టుకుని ఉంది. పైగా రోజూ దాని కింద నిద్రపోవాల్సింది ఆవిడ. వదిన అప్పటికే చీటీ మీద రాసేసింది: పెద్దమ్మ గది, నీలం తెలుపు, పైకప్పుతో సహా.

మేస్త్రీ అరుగు మీద కూర్చుని సుద్దముక్కతో నేల మీదే లెక్క వేస్తున్నాడు. వసారాలకూ లోపలి గదులకూ సున్నం, సిమెంటు గదులకు ఎమల్షన్. రెండు కోట్లకు లీటరుకు 60, 70 చదరపు అడుగులని పట్టుకుంటే ఆ రెండు గదులకు ఎంతో తేలింది. వీధి గోడకు పసుపు మట్టి, జాజు, తలుపుకు ఆకుపచ్చ. వంటింటికి తమలపాకు రంగు. వదిన ఎంచిన మీగడ రంగు దీపం కింద కూడా నెగ్గింది. మొదలుపెట్టేది ఎక్కణ్ణుంచి అని అడిగాడు.

“వీధి గోడ నుంచి” అన్నాడు అన్నయ్య.

“వంటింటి నుంచి. పండక్కి అరిసెలు మొదలుపెట్టాలి నేను” అంది పెద్దమ్మ. “ఒరేయ్, నీలం కిరాణాకొట్లో తీసుకురా, ద్రవం కాదు, పొడిదే. మేస్త్రీ, కలిపాక నాకు చూపించకుండా కుంచె ముంచకు. నీలం ఎక్కువైతే పీక్కుపోయినట్టుంటుంది, తక్కువైతే వేసినట్టే ఉండదు.”

“ఆయ్, అలాగేనండి అమ్మగారూ. అట్ట మీద వేసి తెస్తానండి.”

“అట్ట మీద కాదు. నా గదిలో, పైకప్పు మీదే వెయ్యి. రాత్రి ఎనిమిదింటికి రా.”